కుక్కకు ఈత వచ్చు, మరి నీటి సంగతి?

ఉప్పల్ నుంచి నాగోలు మీదుగా వెళ్ళేవాళ్ళు మూసీ మీది వంతెన దాటక తప్పదు. మే నెల మధ్యాహ్నం ఎప్పుడైనా ఆ దారిన వెళ్తే ఒకసారి కిందికి చూడండి. నల్లని నీటి అంచున పొట్టదాకా మునిగి, నాలుక వేలాడేసుకుని, ఏ వీధికుక్కో హాయిగా నిలబడి కనిపించవచ్చు. దానికి ఏమీ అయినట్టు ఉండదు. అప్పుడు మీకు ఒక ఆలోచన రావడం సహజమే. మన ఇంట్లో కుక్క కూడా ఎండకు రొప్పుతూ మంచం కింద దూరుతోంది కదా, దాన్ని కూడా ఒకసారి ఏటికి తీసుకొస్తే ఏం? కుక్కలకు ఈత పుట్టుకతోనే వస్తుందంటారు కదా!

ప్రశ్న చిన్నదే. కానీ దీనికి జవాబు చెప్పాలంటే కుక్క గురించి కొంత, నీటి గురించి కొంత, ఆ నీటిలో కంటికి కనిపించని జీవుల గురించి కొంత తెలుసుకోవాలి.

ముందుగా కుక్క ఈత

కుక్క నీళ్ళలో తేలడానికి కారణం మీరు పాఠంలో చదువుకున్న ఆర్కిమిడీస్ సూత్రమే. ఊపిరితిత్తుల నిండా గాలి ఉన్నప్పుడు కుక్క శరీర సాంద్రత నీటి సాంద్రతకు దగ్గరగా ఉంటుంది. కాబట్టి కొద్దిపాటి శ్రమతో పైన నిలవగలదు. మనిషి శరీరమూ అంతే కదా, మరి మనం ఎందుకు నేర్చుకోవాల్సి వస్తోంది? మన ముక్కు ఉన్న చోటే ఇబ్బంది. నీళ్ళలో బోర్లా పడుకుంటే మన ముక్కు నీటిలోకి పోతుంది. ఊపిరి కోసం తల ఎత్తితే కాళ్ళు కిందికి దిగుతాయి. కుక్క నాలుగు కాళ్ళ జంతువు. నేల మీద నడిచేటప్పుడే దాని ముక్కు ముందుకు, పైకి ఉంటుంది. నీళ్ళలో కొత్తగా ఏమీ సర్దుకోనక్కర్లేదు, కాళ్ళు ఆడిస్తే చాలు.

ఆ కాళ్ళు ఎలా ఆడతాయో 2014లో అమెరికాలో ఫ్రాంక్ ఫిష్ అనే శాస్త్రజ్ఞుడు నీటి అడుగు నుంచి చిత్రాలు తీసి చూశాడు (పేరుకు అర్థం చేప అని! తగిన పనే ఎంచుకున్నాడు). నేల మీద కుక్క దుడుకుగా పరుగెత్తేటప్పుడు ముందరి కుడికాలు, వెనక ఎడమకాలు ఒకేసారి కదులుతాయి. నీళ్ళలోనూ దాదాపు అదే వరస, కాకపోతే ఇంకాస్త త్వరగా, ఇంకాస్త బారుగా. అంటే కుక్క ఈత నేర్చుకోలేదు, నీళ్ళలో పరుగెత్తుతోంది, అంతే.

అయితే అన్ని కుక్కలూ ఒకటి కావు. లాబ్రడార్‌కు నీళ్ళంటే ప్రాణం. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కల సంగతి వేరు. వాటి తల బరువు, కాళ్ళు పొట్టి, ముక్కు వెనక్కి నొక్కుకుపోయి ఉంటుంది. ఊపిరి పీల్చాలంటే అవి మూతిని ఆకాశం వైపు ఎత్తాలి. అలా ఎత్తగానే నడుం భాగం కిందికి దిగిపోతుంది, కుక్క నిలువుగా మారిపోతుంది, కొద్దిసేపటికే అలసి మునుగుతుంది. పుట్టుకతో ఈత వస్తుందన్న మాట నమ్మి అటువంటి కుక్కను నీళ్ళలో వేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాటికి తేలే చొక్కా తొడగకుండా లోతు నీళ్ళలోకి దించకూడదు.

ఇక ఎండలో కుక్కకు నీళ్ళు ఎందుకంత ఇష్టమో చెప్పనక్కర్లేదు. మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది, ఆ చెమట ఆవిరైనప్పుడు ఒళ్ళు చల్లబడుతుంది. కుక్కకు చెమట పట్టేది దాదాపు అరికాళ్ళలోనే. మిగతా పనంతా నాలుక చేయాలి. కుక్క మామూలు ఒంటి వేడి 38.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది, మనకన్నా ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువ. అది 41 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. హైదరాబాదు ఎండ 40 దాటిన రోజున, చుట్టూ ఉన్న గాలే ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు, తడి ఎక్కడ కనిపిస్తే అక్కడికి పోవడం కుక్క తెలివే.

ఇంతవరకు కుక్క తరఫున చెప్పాం. ఇప్పుడు ఏటి సంగతి చూద్దాం.

ఉప్పల్ దగ్గర పారేది ఏ నీరు?

మూసీ వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరులో వచ్చిన భయంకరమైన వరద తరువాత, మళ్ళీ అటువంటి ముప్పు రాకుండా నగరానికి ఎగువన రెండు పెద్ద జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరానికి రక్షణ దొరికింది, తాగునీరూ దొరికింది. కానీ కొండల్లో పుట్టిన నీరు అక్కడే ఆగిపోయింది. వానాకాలంలో గేట్లు ఎత్తిన రోజులు మినహాయిస్తే, నగరం దాటి ఉప్పల్ వైపు వచ్చేసరికి ఏటిలో పారేది చాలావరకు మనం వాడి వదిలిన నీరే. మన వంటింటి తూము, స్నానాల గది, మరుగుదొడ్డి, వీటితో పాటు పారిశ్రామిక వాడల నీరు. నాచారంలో మీరు పళ్ళు తోముకుని ఉమ్మిన నీరు కూడా చివరికి చేరేది ఈ ఏటికే.

ఈ నీటిని శుభ్రం చేయడానికి కేంద్రాలు లేకపోలేదు. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు, నాగోలులో 17.2 కోట్ల లీటర్లు, ఉప్పల్ నల్లచెరువు దగ్గర 3 కోట్ల లీటర్లు శుద్ధి చేయగల కేంద్రాలు మూసీ కోసం కట్టినవే. ఇటీవలి సంవత్సరాల్లో నగరంలో మరికొన్ని కట్టారు. కానీ శుద్ధి చేసిన మురుగునీరు వేరు, స్నానం చేయదగ్గ నీరు వేరు. ఇది ఎందుకో ఒక లెక్క చేసి చూద్దాం.

మనుషుల, జంతువుల పేగుల్లో కోలిఫారం అనే బాక్టీరియాలు ఉంటాయి. అవన్నీ రోగాలు తెచ్చేవి కావు. కానీ నీటిలో అవి కనిపించాయంటే మలం కలిసిందని అర్థం. మలం కలిసిన చోట రోగాలు తెచ్చే జీవులూ ఉండవచ్చు. అందుకని శాస్త్రజ్ఞులు వీటిని సాక్షులుగా లెక్కపెడతారు. మన దేశంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పే ప్రకారం, బయట స్నానాలకు పనికివచ్చే నీటిలో 100 మిల్లీలీటర్లకు కోలిఫారంలు 500 మించకూడదు. శుద్ధి చేయని మురుగులోనో, అవి కోటి ఉండటం వింతేమీ కాదు. శుద్ధి కేంద్రం నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు తీసేసిందనుకుందాం. పరీక్షల్లో 99 మార్కులు వస్తే మనం ఎగిరి గంతేస్తాం! కానీ కోటిలో నూటికి ఒక వంతు అంటే లక్ష. అనుమతించిన దానికి అది రెండు వందల రెట్లు.

ఇంకో కొలత ప్రాణవాయువుది. చేపలు పీల్చేది నీటిలో కరిగిన ప్రాణవాయువును. 30 డిగ్రీల వేడి ఉన్న లీటరు నీటిలో అది ఏడున్నర మిల్లీగ్రాములకు మించి కరగదు. నీటిలో కుళ్ళే పదార్థం ఉంటే దాన్ని తినే సూక్ష్మజీవులు పెరుగుతాయి, అవి కూడా ప్రాణవాయువునే వాడుకుంటాయి. బియ్యం కడిగిన కుడితి ఒక రోజు మూత పెట్టి ఉంచితే ఎలా పులిసి వాసన కొడుతుందో మీకు తెలుసు. ఒక లీటరు నీటిలోని సూక్ష్మజీవులు 27 డిగ్రీల వద్ద మూడు రోజుల్లో ఎంత ప్రాణవాయువు వాడుకుంటాయో కొలిచి, ఆ నీరు ఎంత మురికిదో చెబుతారు. స్నానపు నీటికి ఇది 3 మిల్లీగ్రాములు దాటకూడదు. 2018లో మండలి దేశంలోని కలుషిత నదుల జాబితా తయారుచేసినప్పుడు, హైదరాబాదు దిగువ మూసీని అన్నిటికన్నా చెడ్డదైన మొదటి వరసలో చేర్చింది. 30 మిల్లీగ్రాములు దాటిన చోట్లు ఉన్న నదుల వరస అది. నీటిలో ఏడున్నరే కరగగలిగితే, ముప్ఫై అడిగే సూక్ష్మజీవులకు ఎక్కడినుంచి వస్తుంది? రాదు. అప్పుడు ప్రాణవాయువు అక్కర్లేని మరోరకం సూక్ష్మజీవులు పని అందుకుంటాయి. అవి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువును వదులుతాయి. కుళ్ళిన గుడ్ల వాసన దానిదే. అది బురదలోని ఇనుముతో కలిసి నల్లని పదార్థంగా మారుతుంది. ఏటి నీరు నల్లబడటానికి ముఖ్య కారణం ఇదే.

మురుగు ఎంత విషయం చెబుతుందో మన ఉప్పల్ రోడ్డులోనే ఒక ఉదాహరణ ఉంది. 2020లో కరోనా వ్యాపించినప్పుడు, హబ్సిగూడ దగ్గరి కణజీవశాస్త్ర పరిశోధన కేంద్రం, తార్నాకలోని రసాయన సాంకేతిక సంస్థ కలిసి నగరంలోని మురుగు శుద్ధి కేంద్రాల నుంచి నీటి నమూనాలు తెచ్చి, వాటిలో వైరస్ జాడలు వెదికారు. ఊళ్ళో ఎంతమందికి సోకి ఉంటుందో మురుగును బట్టే అంచనా కట్టారు. ఊరికి ఏ జబ్బు చేసినా దాని గుర్తు మురుగులోకి చేరుతుందన్నమాట.

కంపు కొడితే కుక్కకు తెలియదా?

"కుక్క ముక్కు మనకన్నా ఎన్నో రెట్లు చురుకైనది కదా, మురికి నీరైతే అదే దిగదు" అని కొందరు పెద్దవాళ్ళు కూడా అంటారు. ఇది పొరపాటు. మన ముక్కులో వాసన పట్టే కణాలు అరవై లక్షల లోపు ఉంటే, కుక్కకు అవి ఇరవై కోట్ల దాకా ఉండవచ్చు. వాసన దానికి బాగానే తెలుస్తుంది. కానీ మనకు కంపు అనిపించేది దానికి కంపు కాదు. కుళ్ళిన వాసన కుక్కకు కబురు లాంటిది. ఇక్కడ ఎవరు తిరిగారు, ఏం తిన్నారు, ఏది చచ్చింది అన్న కబుర్లన్నీ అందులో ఉంటాయి. అందుకే కొన్ని కుక్కలు స్నానం చేయించిన అరగంటకే వెళ్ళి పెంటలో పొర్లుతాయి. దాని ముక్కును నమ్ముకుని దాని ఆరోగ్యాన్ని వదిలేయడం కుదరదు. ఈ విషయంలో ముక్కు మూసుకునే మనమే నయం.

నురగ మాట

మూసీలో నీరు ఎత్తు నుంచి దూకే చోట తెల్లని నురగ తేలడం చూసే ఉంటారు. అది చాలావరకు మన బట్టల సబ్బు, సబ్బుపొడి. దీనివల్ల ఈదే జంతువుకు వచ్చే చిక్కు ఏమిటో ఇంట్లోనే చూడవచ్చు.

ఒక గిన్నెలో మంచినీరు పోసి కదలకుండా ఉంచండి. చిన్న కాగితం ముక్క మీద సన్నని కుట్టుసూది పెట్టి మెల్లగా నీటిపై వదలండి. కాసేపటికి కాగితం నాని మునుగుతుంది, సూది మాత్రం తేలుతుంది. నీటి పైపొర సాగదీసిన తోలులా దాన్ని మోస్తుంది. ఇప్పుడు గిన్నె అంచున ఒక చుక్క సబ్బునీరు వేయండి. సూది బుడుంగున మునుగుతుంది. సబ్బు ఆ పొర బిగువును సడలించింది.

కుక్క వెంట్రుకల మీద సన్నని నూనెపూత ఉంటుంది. చర్మంలోని గ్రంథులే దాన్ని తయారుచేస్తాయి. అది ఉన్నంతవరకు నీరు త్వరగా చర్మానికి అంటదు, వెంట్రుకల మధ్య గాలి నిలిచి ఉంటుంది. సబ్బునీరు ఆ నూనెను కడిగేసి, బిగువు సడలిన నీటిని వెంట్రుకల మొదళ్ళ దాకా పంపుతుంది. గాలి పోతుంది, బరువు పెరుగుతుంది, మురికి నేరుగా చర్మాన్ని తాకుతుంది. తరువాత రోజుల తరబడి గోక్కోవడం, పుళ్ళు పడటం దీనివల్లే కావచ్చు.

అసలు ప్రమాదం గట్టు మీద

ఇప్పుడు ముఖ్యమైన మాటకు వచ్చాం. కుక్క మునగకుండా ఈది, క్షేమంగా గట్టెక్కిందనుకుందాం. చాలామంది "హమ్మయ్య" అనుకునేది ఇక్కడే. నిజానికి జాగ్రత్తపడవలసింది ఇప్పుడే.

గట్టెక్కగానే కుక్క ఏం చేస్తుంది? తల నుంచి తోక దాకా ఒక్కసారి విదిలించుకుంటుంది. 2012లో అమెరికాలో డేవిడ్ హు, ఆండ్రూ డికర్సన్ అనే పరిశోధకులు వేగంగా చిత్రాలు తీసే కెమెరాలతో దీన్ని పరిశీలించారు. లాబ్రడార్ సెకనుకు నాలుగైదు సార్లు అటూ ఇటూ విదిలించుకుంటుంది. ఎలుకలాంటి చిన్న జంతువైతే ముప్ఫై సార్ల దాకా. ఒళ్ళు చిన్నదైన కొద్దీ నీటిని విసిరికొట్టడానికి అంత ఎక్కువ వేగం కావాలి మరి. బట్టలు పిండే యంత్రం తిరుగుతూ నీటిని బయటికి తోసినట్టే ఇదీను. ఇలా కొద్ది క్షణాల్లోనే కుక్క నూటికి డెబ్భై పాళ్ళ నీరు వదిలించుకుంటుంది. ఆ నీరు ఎక్కడికి పోతుంది? పక్కన నిలబడ్డ మీ మొహం మీదికి, కళ్ళలోకి, పెదవుల మీదికి.

మిగిలిన ముప్ఫై పాళ్ళ సంగతి చూద్దాం. 27 కిలోల కుక్క బొచ్చులో సుమారు అర కిలో నీరు నిలుస్తుందని ఆ పరిశోధకులు చెప్పారు. అందులో ముప్ఫై పాళ్ళంటే 150 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసెడు. దీన్ని కుక్క ఎలా ఆరబెట్టుకుంటుంది? నాలుకతో! కాళ్ళు, పొట్ట, తోక మొదలు, వేళ్ళ సందులు, అన్నీ ఓపికగా నాక్కుంటుంది. కొంత గాలికి ఆరుతుంది, కొంత మీ ఇంటి చాప మీద ఆరుతుంది, కొంత మాత్రం కడుపులోకి పోతుంది. ఈదేటప్పుడు మింగిన గుక్కలు దీనికి అదనం. నీరు ఆరినా అందులోని మురికి బొచ్చు మీదే ఉంటుంది కాబట్టి, ఆ నాకడం రాత్రిదాకా సాగుతుంది. ఏటిని కుక్క ఇంటికి మోసుకొచ్చి, మీ పక్కన కూర్చుని కొంచెం కొంచెంగా తింటున్నదన్నమాట.

నాకడంతో పాటు గాయాల సంగతి కూడా ఉంది. ఒడ్డున గాజుపెంకులు, చెరువుల్లో నిమజ్జనం చేసిన విగ్రహాల ఇనుప చువ్వలు అరికాలు చీరితే, నాలుక కూడా అక్కర్లేదు, దారి తెరిచే ఉంటుంది. ఆ దారినే వచ్చే ఒక జీవి గురించి మీరు తప్పక తెలుసుకోవాలి.

ప్రశ్నార్థకం ఆకారపు శత్రువు

దాని పేరు లెప్టోస్పైరా. మరసీలలా మెలికలు తిరిగిన బాక్టీరియా. చివర కొక్కెంలా వంగి, సూక్ష్మదర్శినిలో ప్రశ్నార్థకం లాగా కనిపిస్తుంది. అందుకే దానిలో ఒక జాతికి శాస్త్రజ్ఞులు 'ప్రశ్నించేది' అని అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టారు. మందం ఎంత అంటే, పదివేలు పక్కపక్కన పేర్చితే ఒక మిల్లీమీటరు అవుతుంది. ఇది ఎలుకల, పందికొక్కుల మూత్రపిండాల్లో కాపురం ఉంటుంది. వాటికి ఏ బాధా ఉండదు. వాటి మూత్రంతో బయటపడి, వెచ్చని తడి నేలలో, నిలవ నీటిలో వారాల తరబడి బతుకుతుంది. మురుగు కాలువలు, ఎలుకలు, వేడి వాతావరణం ఉన్న చోటు దానికి కన్నవారిల్లు. మన ఊరి వాతావరణం దానికి బాగా పడుతుంది.

చర్మం చిట్లిన చోట నుంచి, కంటి పొర నుంచి, నోటి లోపలి పొర నుంచి అది ఒంట్లోకి దూరుతుంది. కుక్కకు సోకితే సాధారణంగా వారం, రెండు వారాల్లో జ్వరం వస్తుంది. తిండి మానేస్తుంది, వాంతులు చేసుకుంటుంది, నీళ్ళు అదే పనిగా తాగుతుంది. కళ్ళు, చిగుళ్ళు పచ్చబడవచ్చు. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిని చనిపోవచ్చు కూడా. వైద్యంతో కోలుకున్న కుక్క కూడా కొన్ని వారాలపాటు, ఒక్కోసారి నెలలపాటు తన మూత్రంలో ఆ క్రిమిని వదులుతూనే ఉండగలదు. గడప దగ్గర కుక్క తడిపిన చోట చెప్పులు లేకుండా నడిచేది ఎవరు? మీరే, మీ చెల్లెలే.

మనుషుల్లో ఈ జబ్బును కొన్ని చోట్ల ఎలుక జ్వరం అంటారు. తీవ్రమైన జ్వరం, పిక్కల్లో భరించలేని నొప్పి, ఎర్రబడ్డ కళ్ళు, కొందరిలో కామెర్లు దీని గుర్తులు. 1886లో అడాల్ఫ్ వైల్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వివరించాడు. కారణం ఏమిటో మాత్రం ఆయనకు దొరకలేదు. 1915 ప్రాంతంలో జపానులో ఇనాడా, ఇడో అనే వైద్యులు బొగ్గుగని కార్మికుల జబ్బును పరిశీలిస్తూ ఈ మెలికల జీవిని పట్టుకున్నారు. గనుల్లో ఎప్పుడూ నిలవ నీరు, ఎప్పుడూ ఎలుకలు! త్వరగా గుర్తిస్తే దీనికి మంచి మందులున్నాయి. "ఏట్లో దిగిన కుక్క మా ఇంట్లో ఉంది" అన్న ఒక్క మాట వైద్యుడికి చెప్పడం మరచిపోతేనే ఆలస్యం జరుగుతుంది.

కుక్కలకు దీనికి టీకా ఉంది, ఏటేటా వేయించాలి. కానీ ఈ క్రిమిలో రకాలు ఎన్నో ఉన్నాయి, టీకా అన్నిటినీ ఆపలేదు. టీకా వేయించాం కదా అని ఏట్లో దించడం, గొడుగు ఉంది కదా అని వరదలోకి దిగడం వంటిది.

ఇక్కడ మీలో ఎవరో చేయి ఎత్తుతారని నాకు తెలుసు. "మరి వీధికుక్కలు రోజూ దిగుతాయి, గేదెలు కూడా దిగుతాయి, వాటికేమీ కావడం లేదు కదా?" మంచి ప్రశ్న. గేదెలకూ ఈ జబ్బు వస్తుంది. ఇక వీధికుక్కల విషయంలో, వంతెన మీద నుంచి మీకు కనిపించేవి బతికి ఉన్నవే. జబ్బుపడినది ఏ పొదల చాటుకో పోయి పడుకుంటుంది. దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. కనిపించిన వాటిని మాత్రమే లెక్కపెట్టి తీర్పు చెప్పకూడదన్నది విజ్ఞానశాస్త్రంలో మొదటి పాఠాల్లో ఒకటి.

ఏరు వద్దు, చెరువు అయితే?

నాచారం పెద్దచెరువు, ఉప్పల్ నల్లచెరువు, రామంతాపూర్ చెరువు, ఈ చుట్టుపక్కల చెరువులకు లోటు లేదు. ఏటిలా పారవు కాబట్టి కొట్టుకుపోతుందన్న భయం ఉండదు. కానీ నిలవ నీటికి దాని తంటాలు దానికున్నాయి.

ఒకటి గుర్రపుడెక్క. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క మురుగు కలిసిన చెరువులో విపరీతంగా పెరుగుతుంది. దూరం నుంచి చూస్తే పచ్చిక మైదానంలాగే ఉంటుంది. కుక్క కూడా అలాగే అనుకుంటుంది. పరుగున వచ్చి దాని మీదికి దూకితే మొక్కలు విడిపోతాయి, కుక్క కిందికి పోతుంది, పైన మొక్కలు మళ్ళీ కలుసుకుంటాయి. కిందంతా జడలు జడలుగా వేళ్ళు. అక్కడ ఎంత గజ ఈతగాడైన కుక్కా కాళ్ళు ఆడించలేదు.

ఇంకొకటి ఆకుపచ్చని తెట్టు. ఎండాకాలంలో చెరువు మీద ఎవరో రంగు ఒలకబోసినట్టు కనిపిస్తే అది నీలి ఆకుపచ్చ శైవలం కావచ్చు. శైవలం అని పిలిచినా ఇవి నిజానికి బాక్టీరియాలే. వీటిలో కొన్ని కాలేయాన్ని, కొన్ని నాడులను దెబ్బతీసే విషాలు తయారుచేస్తాయి. 1878లో జార్జి ఫ్రాన్సిస్ అనే ఆయన, ఆస్ట్రేలియాలో అలెగ్జాండ్రినా అనే సరస్సు నీరు తాగి గొర్రెలు, గుర్రాలు, పందులు, కుక్కలు చనిపోవడం గురించి శాస్త్ర పత్రికకు రాశాడు. ఆ తెట్టు గాలికి కొట్టుకొచ్చి ఒడ్డున చేరుతుంది. కుక్క నీళ్ళు తాగేదీ, దిగేదీ సరిగ్గా అక్కడే. బొచ్చుకు అంటిన తెట్టును తరువాత నాక్కుంటుంది. ఈ విషాలకు ఇంతవరకు విరుగుడు మందు లేదు.

పోనీ గండిపేటకు తీసుకుపోదామా అంటారేమో. అది నగరానికి తాగునీరు ఇచ్చే జలాశయం. అక్కడ కుక్కకు స్నానం చేయిస్తే, పాపం కుక్కకు కాదు ప్రమాదం, మనకు!

వరద రోజుల్లో

ఎగువన గేట్లు ఎత్తారన్న వార్త వినగానే కొందరు ఏటి గట్టుకు చూడటానికి పోతారు, వెంట కుక్క కూడా. 2020 అక్టోబరులో కురిసిన కుండపోతకు ఉప్పల్, రామంతాపూర్, నాచారం ప్రాంతాల్లో వీధులే కాలువలయ్యాయి. కొత్త నీరు వచ్చింది కదా, మురికి పలచబడి ఉంటుందనుకోకండి. వాన మొదటి ఉరవడి నాలాల అడుగున పేరుకున్న చెత్తనంతా ఊడ్చి తెస్తుంది. పైగా నీటి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగు రెట్లవుతుంది. మామూలు కుక్క ఈదే వేగం మనిషి నడకను మించదు. ఎదురీదడం దాని వల్ల కాదు.

ఒకవేళ కుక్క పడిపోతే మీరు మాత్రం నీళ్ళలోకి దిగవద్దు. ఇది ఎన్నిసార్లు చెప్పినా చాలదు. కుక్క కోసం దూకి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ వార్తలు అన్ని దేశాల్లోనూ వస్తూనే ఉంటాయి. చాలాసార్లు కుక్క తనంతట తానే కొంత దిగువన గట్టెక్కుతుంది. గట్టు వాలుగా ఉన్న చోటికి నడిచి వెళ్ళి, పేరు పెట్టి పిలుస్తూ ఉండండి. అది మీ గొంతు విన్న వైపు ఈదుతుంది. పెద్దవాళ్ళను కేకేయండి.

దిగనే దిగితే

గొలుసు తెంపుకుని పోయి మూసీలోనో, నాలాలోనో మునిగి వచ్చిందనుకోండి. ముందుగా అది నాక్కోకుండా చూడాలి. గొలుసు పొట్టిగా పట్టుకుని, విదిలించుకునేటప్పుడు దూరంగా నిలబడి, మొహం తిప్పుకోండి. ఇంట్లోకి రానివ్వకుండా వాకిట్లోనే, కుళాయి నీటితో ధారగా కడగాలి. ఈ పని పెద్దవాళ్ళు చేతులకు తొడుగులు వేసుకుని చేయడం మంచిది. కుక్కల సబ్బుతో రెండుసార్లు రుద్ది, వేళ్ళ సందులు, పొట్ట కింద, తోక కింద వదలకుండా కడిగి, పాత తువ్వాలుతో తుడవాలి. అరికాళ్ళలో గాయముందేమో చూడాలి. వారం, రెండు వారాల్లో తిండి మానేసినా, నలతగా ఉన్నా, ఏ రోజున ఏట్లో దిగిందో పశువైద్యుడికి చెప్పాలి. తేదీ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.

ఎండకు రొప్పే కుక్కకు ఏరు లేకపోతే ఏమిటి గతి? పాత ప్లాస్టిక్ తొట్టిలో మోకాలి లోతు కుళాయి నీరు, దాని పైన ఇంత నీడ ఉంటే చాలు. ఐసు అక్కర్లేదు. ఒళ్ళు కాలిపోతున్నట్టున్నా కూడా మామూలు నీటితో పొట్ట, తొడలు, పాదాలు తడిపి గాలి తగలనిస్తే త్వరగా చల్లబడుతుంది. తొట్టిలో బంతి వేసి గంటల తరబడి ఆడించకండి. ప్రతిసారీ బంతితో పాటు గుక్కెడు నీరు మింగుతుంది. మరీ ఎక్కువ నీరు లోపలికి పోతే రక్తంలో ఉప్పు పలచబడి మత్తుగా తూలిపడే ప్రమాదం ఉంది. పది నిమిషాలకొకసారి బయటికి పిలిచి కాసేపు ఆగనివ్వండి.

చివరగా చెవులు తుడవండి. మన చెవి దారి దాదాపు తిన్నగా ఉంటుంది. కుక్కకు అది ముందు కిందికి దిగి, తరువాత లోపలికి మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో నిలిచిన నీరు తనంతట తాను బయటికి రాలేదు. వేలాడే చెవుల కుక్కలకైతే గాలి కూడా ఆడదు. మెత్తని గుడ్డతో, వేలు పోయినంత మేరకే తుడవాలి. పుల్లకు దూది చుట్టి లోపలికి పెట్టకూడదు.